అరవై గ్రాముల పట్టు

గద్వాలలో ఒక అద్దకం కొట్టం. మూడు రోజులుగా ముసురు వదలలేదు. పొద్దున తొమ్మిదింటికి అద్దకం పనివాడు కృష్ణయ్య, ఇంటర్ మొదటి సంవత్సరం చదివే అతని కూతురు అమూల్య మాట్లాడుకుంటున్నారు.

"ఆ డ్రమ్ము వంచకు నాయినా. ఒక్క చుక్క గూడ పారబొయ్యొద్దు."

"వాసనొస్తున్నది బిడ్డా. పట్టు ఉడకబెట్టిన నీళ్లు ఎన్ని దినాలు దాస్తరు?"

"నిన్నటి నీళ్లే గదా. ఎప్పుడూ నువ్వే దాస్తవ్, రంగు ఉడికే గంజుల పోస్తే రంగు మచ్చలు పడకుండ ఎక్కుతదని. ఈ పొద్దెందుకు పారబోస్తనంటున్నవ్?"

"ఇగ మనకు రంగు పని ఎవడిస్తడు? రంగే లేనప్పుడు నీళ్లెందుకు?"

"అందుకే అంటున్న. ఆ నీళ్లే మనకు సాక్ష్యం. డ్రమ్ము వదులు. నాయినా, వదులంటున్న!"

"అరె, చెయ్యి గీసుకపోతది... సరే, వదిలిన. ఏం చేస్తవో చెయ్యి. పన్నెండింటికి పట్టు ఇచ్చిన సేటు వస్తడు, నేతగాళ్ల సంఘం పెద్దమనుషులను తోలుకొని వస్తడు. మనకు మూడు గంటలున్నయి. నీ సాక్ష్యం ఏం మాట్లాడుతదో చూస్త."

"నిన్న రాఘవేందర్ సేటు ఏమన్నడు? మళ్లొకసారి చెప్పు. సరిగ్గ చెప్పు."

"ఎన్నిసార్లు చెప్పాలె?"

"ఒక్కసారి గూడ చెప్పలే. నేను కాలేజీకెల్లి వచ్చేసరికి నువ్వు గోడకు ఆనుకొని కూసున్నవ్. అన్నం గూడ తినలే."

"ఏమున్నది చెప్పనీకె. మొన్న సాయంత్రం కిలో పచ్చి పట్టు ఇచ్చిండు. మన కాంటా మీదనే తూచిండు. సరిగ్గ వెయ్యి గ్రాములు. ఉడకబెడితే పట్టు మీదున్న బంక పోతది, బరువు తగ్గుతది. మా నాయిన కాలం నుంచి గదే లెక్క, కిలోకు పావు. ఏడువందల యాభై మిగలాలె. నిన్న సాయంత్రం వచ్చి తూచిండు. ఆరువందల తొంభై."

"అరవై తక్కువ."

"అరవై తక్కువ. 'కృష్ణయ్యా, అరవై గ్రాముల పట్టు ఏడ పోయింది?' అన్నడు. కోపం గూడ చెయ్యలే. మెల్లగ అన్నడు. తిడితే బాగుండు."

"నువ్వేమన్నవ్?"

"ఎతుకుత అన్న."

"ఎతుకుతవా? అంటే పోయిందని ఒప్పుకున్నట్టే గదా!"

"మరేమనాలె? కాంటా కండ్ల ముందల ఉన్నది. పట్టు పనిల చెయ్యి మంచిది కాదన్న పేరు ఒక్కసారి వస్తే అయిపాయె. సంఘం ఒక్క మాట అంటే గద్వాలలనే కాదు, అయిజల గాని రాజోలిల గాని ఒక్కడు గూడ నా చేతుల పట్టు లడి పెట్టడు. ముప్ఫై ఏండ్ల పని. నాకు ఇంకోటి రాదు."

"గట్ల కానియ్య. అమ్మకు ఫోన్ చేసినవా?"

"వద్దు. వనపర్తిల తన చెల్లెకు పురుడు చూసుకుంటున్నది. ఆమెను పరేషాన్ చెయ్యకు."

"సరే. ఇను. పదార్థం యాడికీ పోదు. మా కెమిస్ట్రీ సారు మొదటి దినమే బోర్డు మీద రాసిండు, ద్రవ్యనిత్యత్వ నియమం అని. ఉడికినా, కరిగినా రూపం మారుతది గని బరువు మాయం కాదు. పట్టు మీది బంక నీళ్లల్లకే పోయింది. ఆ నీళ్లు ఇంకిస్తే బంక మిగులుతది. దాన్ని తూస్త. మూడువందల పది గ్రాముల బంక వచ్చిందనుకో, ఈ పట్టుకు బంకనే ఎక్కువున్నది, ఎవరూ ఏం తియ్యలేదని వాళ్ల ముందల చూపిస్త."

"రెండువందల యాభయ్యే వస్తే?"

"ఎందుకొస్తది?"

"వస్తే అంటున్న."

"రాదు. మనం తియ్యలేదు గదా. తీసినమా?"

"ఆ నీళ్లల్ల ఉత్త బంకనే లేదు. సబ్బున్నది. సోడా ఉన్నది. నీ లెక్క నడువది."

"అవి తీసేస్త. ఎంత వేసినవ్?"

"యాదికి లేదు."

"నీకు? నిద్రల లేపి అడిగినా చెప్తవ్ నువ్వు."

"యాదికి లేదంటి గదా."

"నాయినా!"

"...రెండువందలు సబ్బు. ఇరవై సోడా."

"రెండువందల ఇరవై. రాసుకున్న. నీళ్లెన్నున్నయి?"

"కనిపిస్తలేదా? అర డ్రమ్ము."

"అర డ్రమ్మంటే కొలత కాదు. గీ లీటరు సీసతోని ముంచి ఈ తొట్టిల పోస్త. నువ్వు లెక్కపెట్టు."

"ఆగు, ఆగు! గట్లనే ముంచుతవా? చల్లారితే బంక అడుగుకు దిగుతది. పైపైన ముంచితే ఉత్త సబ్బు నీళ్లు వస్తయి. వెచ్చబెట్టి, కట్టెతోని అడుగు దాక కలుపు."

"మా సారు గూడ గదే అంటడు. మిశ్రమం అంతట ఒక్కతీరు కాకముందు దాన్లకెల్లి ఎంత తీసినా దండగ అని."

"మీ సారుకు పట్టు ఉడకబెట్టుడు వస్తదా?"

"రాదు. నీకు వస్తది. నువ్వు నాకు సాయం చేస్తున్నవో, ఆపుతున్నవో నాకు తెలుస్తలేదు నాయినా."

"నాకూ తెలుస్తలేదు. కలుపు."

"కలుపుతున్న. ఇంక చాలా?"

"ఇంకో జర. ఆ... గిప్పుడు ముంచు."

"లెక్కపెట్టు మరి."

"ఒకటి. రెండు. మూడు... జర నిండ ముంచు, మెడ దాక రావాలె... నాలుగు."

"మెడ దాక కాదు, గీత దాక. అన్ని ఒక్కతీరు ఉండాలె."

"ఐదు. ఆరు..."

"నడుమల ఆపకు."

"ఇరవై మూడు. ఇరవై నాలుగు. ఇరవై ఐదు. అయిపాయె."

"ఇరవై ఐదు లీటర్లు. అన్ని ఇంకియ్యనీకె టైం లేదు. అర లీటరే తీస్త. మిగిలినదాన్ని యాభైతోని గుణిస్త. ముందు ఖాళీ గిన్నె తూచు."

"ఖాళీ గిన్నె ఎందుకు?"

"గిన్నె బరువు బంక నెత్తిన పడొద్దు."

"నూట పన్నెండు పాయింట్ నాలుగు."

"పొయ్యి మీద పెట్టు. మంట సన్నగ ఉండాలె. మాడితే బరువు తప్పుతది."

"మంట నాకు చెప్తవా? ముప్ఫై ఏండ్లు ఈ పొయ్యి ముందలనే కూసున్న."

"మరి కూసో. నేను ఈడనే కూసుంట."

"అమూల్యా."

"ఊఁ."

"ఒక మాట అడుగుత. నీకేమన్న ఇబ్బంది ఉన్నదా? కాలేజీల గాని, దోస్తులతోని గాని. నాతోని చెప్పలేనిది ఏమన్న..."

"నాకేం ఇబ్బంది? గిది తప్ప."

"ఉంటే చెప్పు. నేను తిట్టను. కొట్టను. ఎంత పెద్దదైనా తిట్టను."

"ఇప్పుడు గా మాటలెందుకు నాయినా? గిన్నె చూడు, ఉడుకుతున్నది."

"చూస్తనే ఉన్న. నువ్వెందుకు గింత పట్టు పడుతున్నవ్? అరవై గ్రాములు. నేను తలకాయ వంచుకుంట, అయిపోతది."

"నువ్వెందుకు వంచాలె? బజార్ల ఎవడన్న నిన్ను దొంగ అంటే నేను ఆ బజార్లకెల్లి కాలేజీకి ఎట్ల పోత? పోను. చదువు బంద్ చేస్త."

"గట్ల అనకు."

"అంట. నువ్వు ఏం చెయ్యకుండ తలకాయ వంచుకుంటనంటే నేను ఇంకేమైనా అంట."

"మంట తగ్గియ్యి. దగ్గరికొచ్చింది."

"ఇంక తడున్నదా?"

"అడుగున జర ఉన్నది. ఆగు. చెంచా తోని గోకు... ఇగ ఆరింది. పెళుసుగ లేస్తున్నది చూడు."

"గిన్నెతోనే తూస్త. చల్లారనియ్యి. వేడి మీద తూచొద్దు... ఆ, చల్లారింది. నూట ఇరవై పాయింట్ తొమ్మిది. ఖాళీ గిన్నె తీసేస్తే ఎనిమిదిన్నర."

"యాభైతోని?"

"నాలుగువందల ఇరవై ఐదు. సబ్బు, సోడా రెండువందల ఇరవై తీసేస్తే..."

"ఎంత?"

"ఆగు. మళ్ల చేస్త."

"ఎంత బిడ్డా?"

"రెండువందల ఐదు."

"అంటే?"

"అంటే బంక రెండువందల ఐదే పోయింది. వెయ్యిల రెండువందల ఐదు పోతే ఏడువందల తొంభై ఐదు ఉండాలె. మన కాడ ఆరువందల తొంభై ఉన్నది. నాయినా, అరవై కాదు. నూట ఐదు తక్కువ."

"నూట ఐదా? సేటు అరవయ్యే అన్నడు గదా! గంతనా తీసింది?"

"ఎవరు?"

"ఆ?"

"తీసింది ఎవరు నాయినా? 'గంతనా తీసింది' అన్నవ్."

"ఏమో. నోటికొచ్చింది. పట్టు పోయిందంటే ఎవరో ఒకరు తీసినట్టే గదా."

"పొద్దటికెల్లి నీళ్లు పారబోస్తనంటున్నవ్. సబ్బు యాదికి లేదంటున్నవ్. రెండువందల యాభై వస్తే అంటున్నవ్. నా కండ్లల్లకు చూడు. నువ్వు తీసినవా?"

"తీసినోళ్లు తీసిన్రు. ఇప్పుడు కెలికితే ఏమొస్తది? ఇంట్ల మాట ఇంట్లనే ఉండాలె."

"తీసినవా, లేదా?"

"వాళ్లు వచ్చినంక నువ్వు లోపలికి పో. బయటికి రాకు. ఏమడిగినా నాకు తెల్వదను. గంతే."

"అంటే నువ్వే తీసినవ్."

"గట్లనే అనుకో."

"అనుకో కాదు! అవునో కాదో చెప్పు!"

"గట్లనే అనుకొమ్మంటి గదా!"

"అయ్యో... అయ్యో నాయినా. నేనే నిరూపించిన. నా చేతులతోని. సేటు అరవై అంటే నేను నూట ఐదు చేసిన. ఎందుకు నాకు ఈ చదువు? ఎవనికి పనికొచ్చింది?"

"చదువు ఏం చేసింది? ఏడ్వకు. ఆ కాగితం పొయ్యిల వెయ్యి. నూట ఐదని ఎవరికీ తెల్వదు, నీకు నాకు తప్ప. అరవై అంటే అరవయ్యే. లేవు. మొఖం కడుక్కో. ఆ పట్టు దండెం మీదికెల్లి తీసి సంచిల పెట్టు. వాళ్లు తీసుకపోతరు."

"మళ్లొకసారి తూస్త."

"ఇగ చాలు తూచుడు."

"ఒక్కసారి తూచింది తూకం కాదంటడు సారు. మూడుసార్లు తూచాలెనంట. ఒక్కసారి నాయినా, నీ కాళ్లు మొక్కుత. దాని తర్వాత నువ్వేది చెప్తే అది చేస్త."

"తూచుకో. నీ మనసు ఎందుకు కొట్టాలె."

"...కాంటా ఖరాబైంది."

"ఏమైంది?"

"ఏడువందల యాభై రెండు చూపిస్తున్నది."

"కండ్ల నీళ్లు తుడుచుకొని చూడు."

"నువ్వే చూడు!"

"ఏడు... ఐదు... రెండు. ఇదేంది? ఆ రెండువందల గ్రాముల బాటు పెట్టు. ఆ మూలకున్నది, ఇనుపది."

"రెండువందలు. సరిగ్గ రెండువందలు."

"పట్టు మళ్ల పెట్టు."

"ఏడువందల యాభై రెండు."

"అమూల్యా. తెచ్చి పెట్టినవా?"

"ఏంది తెచ్చి పెట్టేది? పొద్దటికెల్లి నీ ముందలనే ఉన్న గదా!"

"మరి పట్టు పెరుగుతదా? నిన్న ఆరువందల తొంభై ఉన్నది ఈ పొద్దు ఏడువందల యాభై ఎట్లయితది? దయ్యం వచ్చి పెట్టిందా?"

"ఆగు. నన్ను ఆలోచించనియ్యి. నిన్న ఏడ ఆరబెట్టినవ్?"

"ఏడ ఆరబెడుత? పొయ్యి మీది దండేనికి. ముసురుకు నీడకు ఆరుతలేదు. సేటేమో సాయంత్రం వస్తనని తొందర పెట్టె. లేకుంటే ఎప్పుడూ నీడకే ఆరేస్త, ఒక దినం దాటినంకనే తూస్త."

"పొయ్యి మీదికెల్లి తీసి వేడిగున్నప్పుడే తూచిన్రా?"

"ఆ. చెయ్యి చురుక్కుమన్నది."

"నాయినా... నాయినా! పట్టు నీళ్లు తాగుతది."

"ఏం మాటలివి? ముట్టి చూడు. పొడిగున్నది."

"ముడితే తెల్వదు. గాలిల ఉన్న చెమ్మ పట్టు లోపలికి పోతది. ముసురు పడితే మన ఉప్పు డబ్బ ఎట్ల చెమ్మగిల్లుతది? గట్లనే. దీనికి పైకి కనపడదు. రాత్రంత దండెం మీద ఉన్నది, పొయ్యి ఆరిపోయింది, అరవై రెండు గ్రాముల నీళ్లు తాగింది."

"నువ్వు చెప్పంగనే అయిపోతదా?"

"నమ్మకు. లడిలకెల్లి ఒక చిన్న లచ్చి తీసి తూచు. ఎంత?"

"డెబ్బై ఐదు."

"పొయ్యి మీద పట్టు. దూరం నుంచి, మాడనియ్యకు. తిప్పు... తిప్పుతనే ఉండు..."

"చెయ్యి కాలుతున్నది."

"చాలు. తూచు."

"డెబ్బై ఒకటి. ఏమో... డెబ్బై."

"ఐదు గ్రాములు ఎవరు తీసిన్రు నాయినా? నువ్వా, నేనా?"

"ఆగు, ఇంకొకసారి తూస్త... డెబ్బయ్యే."

"మరి చెప్పు, ఎవరు తీసిన్రు?"

"ముప్ఫై ఏండ్లు. ముప్ఫై ఏండ్ల నుంచి తూస్తున్న. ఒక్కనాడు గూడ పొయ్యి మీదికెల్లి తీసి తూచలే. తూచలే గనుకనే నాకు తెల్వకపాయె."

"ఇంకొకటి ఉన్నది. మొన్న సేటు ఇచ్చిన దినం గూడ వానే. ఆ వెయ్యి గ్రాములల్ల గూడ నీళ్లున్నయి, మనకు తక్కువచ్చిన నూట ఐదు గవే. నీళ్లతోని తూచి ఇచ్చిండు, నీళ్లు పోయినంక తూచి తీసుకున్నడు. నేను గూడ తప్పే చేసిన. బంకను గిన్నెల ఎండబెట్టి తూచిన, దాన్ల నీళ్లు గూడ పోయినయి, అందుకే రెండువందల ఐదు వచ్చింది. చెమ్మ మీద ఇచ్చింది చెమ్మ మీదనే తూస్తే మీ నాయిన లెక్క సరిపోయింది. కిలోకు పావు. చూడు, ఏడువందల యాభై రెండు. రెండు గ్రాములు ఎక్కువనే ఉన్నది!"

"అయితే ఎవరూ తియ్యలేదా?"

"ఎవరూ తియ్యలేదు."

"నిజంగ?"

"కాంటా నీ ముందలనే ఉన్నది నాయినా."

"నువ్వు గూడ తియ్యలేదా?"

"నేనా?"

"నిన్న తెల్లారంగ చూసిన. నువ్వు కొట్టంల లడి విప్పుకొని కూసున్నవ్. నా అడుగు చప్పుడు విని చున్నీల దారం దాసుకున్నవ్. నా కండ్లతోని చూసిన. ఏమీ అనకుండ వెనుకకు పోయిన."

"అది... అయ్యో, అది తుక్కు నాయినా! ముందు దినం నువ్వు లడి కట్టినప్పుడు ముడి తప్పింది, చిక్కు పడ్డది. నీకు కన్ను సరిగ్గ ఆనుతలేదని నాకెప్పుడో తెలుసు. చెప్తే నొచ్చుకుంటవని నువ్వు లేవకముందే చిక్కు తీసిన. తెగిన పోగులు నాలుగు దాసిన. గ్రాము గూడ ఉండవు. నా పుస్తకాలల్లనే ఉన్నయి, తెచ్చి చూపించాల్నా?"

"వద్దు."

"నన్ను దొంగ అనుకున్నవా?"

"దొంగ అనుకోలే. నా బిడ్డకు నాతోని చెప్పరాని కష్టమేదో వచ్చింది అనుకున్న. రాత్రంత గదే. ఏమై ఉంటది, ఏమై ఉంటది అని."

"నేనేమో నువ్వు తీసినవనుకున్న. ఇప్పుడే, ఇంతకుముందే. నాకు పాపం తలుగుతది."

"ఏం తలగదు. నేనే అనుకొమ్మంటి గదా."

"నవ్వకు. నాకు ఏడుపొస్తున్నది. లే, కాంటా అరుగు మీద పెడదం. బాటు పెడదం. ఒక లచ్చి పొయ్యి మీద పట్టి వాళ్ల ముందలనే తూపిస్త, సేటు తోనే తూపిస్త. అగో, ఆటో ఆగింది. వాళ్లే! టైం కాలే, అప్పుడే వచ్చిన్రు. లే నాయినా. ఎందుకు కూలబడ్డవ్? లే, తలుపు తియ్యి!"

"వాళ్లు తూచనీకె వస్తలేరు బిడ్డా. నీ పేరు బయట పడొద్దని, పట్టు నేనే తీసినని ఈ పొద్దు నువ్వు లేవకముందే సంఘానికి పోయి రాసిచ్చి, సంతకం పెట్టొచ్చిన."